బావ ఫోల్డర్లో మా వాటా

మా ఇంట్లో తెలివికి లోటు లేదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, తర్వాతది చదివి మీరు పొరపాటు పడకూడదని. వానలో తడిస్తే పాడైపోతుందని గొడుగును సంచిలో దాచుకుని, తను తడుస్తూ వచ్చే ముందుచూపు మా నాన్న వీరభద్రానిది. కదిలే బస్సు దిగితే దెబ్బలు తగులుతాయని, స్టాండులో ఎక్కిన బస్సు స్టాండులోనే దిగిపోయే జాగ్రత్త మా బాబాయి పోతురాజుది. ఇక నేను. వీడియోలు చూసి ఫ్లెక్సీ డిజైన్లు నేర్చుకున్నాను, గురువన్నవాడు లేకుండా. ఉండి ఉంటే ఆయనకి చెడ్డపేరొచ్చేది.

నిడదవోలులో మాది 'వీరభద్ర ఫ్లెక్సీస్'. డిజైన్ నేను చేస్తాను, సలహాలు బాబాయి ఇస్తాడు, నాన్న ఫ్యాను కింద కూర్చుంటాడు. ప్రింటు మాత్రం రాజమండ్రిలో, మా మేనత్త కొడుకు మెహర్ బావ ఇంట్లో ఉన్న మెషిన్ మీద.

ఆ నెల మాకు హైస్కూలు వాళ్ళ పెద్ద ఆర్డరొచ్చింది. బడికి యాభై ఏళ్ళు నిండాయి. ముప్ఫై అడుగుల బ్యానరు, అందులో ఇన్నేళ్ళ హెడ్మాస్టర్ల ఫొటోలన్నీ.

"చూడమ్మాయ్," అన్నాడు నాన్న. "ఆదివారం పొద్దునకల్లా ఇది స్కూలు గేటుకి కట్టావా, షాపు బోర్డు మీద నీ పేరు రాయిస్తాను. కట్టలేదా, సోమవారం నుంచి చీరల కొట్లో మడతలు పెట్టడానికి పోతావు. అక్కడ మాట్లాడి ఉంచాను."

బోర్డు మీద నా పేరు! హిమజ. మూడక్షరాలు. వారం రోజులు తిండి సయించలేదు. డిజైన్ అయిపోయింది. గురువారం బావ ఫోన్ చేశాడు.

"హిమజా, ఫైళ్ళు దాచుకోడానికి నెట్లో డబ్బు కట్టే అకౌంటు తీసుకున్నానే. బోలెడు చోటు. నా డిజైన్లున్న ఫోల్డరు నీకూ షేర్ చేశాను, ఎడిట్ చేసే అనుమతి కూడా ఇచ్చాను. నీ బ్యానరు అందులో పడేయ్, శనివారం ప్రింటు తీస్తా."

పడేశాను. అంతే, మా ఇంట్లో పండగ.

"అయితే మనమూ డబ్బు కట్టినవాళ్ళమేనా?" అన్నాడు నాన్న.

"కాక? ఒకే ఫోల్డర్లో ఉన్నాం కదా," అన్నాను నేను.

"బంతిలో కూర్చున్నాక వడ్డన అందరికీ ఒకటే," అన్నాడు బాబాయి. "కానీ ఉమ్మడి ఎప్పటికైనా గొడవే. మన వాటా మనం ఇప్పుడే తెచ్చేసుకుందాం."

ఎంత మంచి మాట! ఫోల్డర్లో పై సగం బావకి వదిలేశాను, కింది సగం నా ఉచిత అకౌంటులోకి లాగడం మొదలెట్టాను. కాస్త లాగేసరికి 'చోటు నిండిపోయింది' అని వచ్చింది.

"మనకెందుకు నిండుతుందే? అవతల బావ కట్టాడుగా?" అన్నాడు నాన్న.

"కంప్యూటరుకి ఇంకా కబురు అంది ఉండదు," అన్నాను.

"అయితే చోటు చెయ్యి. ఏమైనా తీసెయ్," అన్నాడు బాబాయి.

"మనవి తీస్తే పోతాయి బాబాయ్. బావవి తీద్దాం. డబ్బు కట్టాడు కాబట్టి వాటంతటవే వస్తాయి."

ఇంకేముంది! మన బిందె నిండిందని పక్కింటి బిందె ఒంపినట్టు, బావ ఫోల్డరంతా ఖాళీ చేశాను. మా బిందెలో మాత్రం చుక్క తగ్గలేదు. ఇంకో సంగతి, నా బ్యానరు కూడా ఆ ఫోల్డర్లోనే ఉంది. అది నాకు బావ ఫోన్ చేశాక గుర్తొచ్చింది.

"ఒసేయ్! నా డిజైన్లేవే?"

"ఇంకా రాలేదా బావా?"

బావ చాలా నిదానంగా, చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పాడు. "చూడు. ఫోల్డరు షేర్ చేశానంటే, మా హాలు తాళం నీ చేతికిచ్చినట్టు. వచ్చి కూర్చోవచ్చు. అంతమాత్రాన మీ ఇల్లు పెద్దదవదు. ప్లాను నా పేరు మీద ఉంది, ఆ చోటు నాది. అర్థమైందా?"

"అయింది బావా."

"మావయ్యలకి కూడా చెప్పు."

చెప్పాను. అదే నేను చేసిన తప్పు. శనివారం పొద్దున్నే బాబాయి కనపడలేదు. సాయంత్రం చెమటలు కక్కుతూ వచ్చాడు.

"రాజమండ్రి వెళ్ళి వాళ్ళ హాల్లో గంటసేపు కూర్చున్నానే. బావ చెప్పింది నిజమే, మన ఇల్లు అంగుళం పెరగలేదు." జేబులోంచి తాళంచెవి తీసి బల్ల మీద పెట్టాడు. "తాళం ఇచ్చినట్టే అన్నాడుగా, ఇవ్వడం మర్చిపోయాడు పాపం. నేనే తెచ్చుకున్నా. వాళ్ళంతా ఏదో పెళ్ళి భోజనాలకెళ్ళారు, దొంగల భయమని తలుపుకి తాళం కూడా వేసొచ్చా."

ఫోన్ మోగింది. "హిమజా, మెషిన్ లోపల ఉంది, నేను బయట ఉన్నాను! పోతురాజు మావయ్య అక్కడున్నాడా?"

నా కళ్ళ ముందు చీరల మడతలే. ఏడ్చేశాను. పాపం, బావ మంచివాడు. తాళం పగలగొట్టించాడు, పోయిన ఫైళ్ళన్నీ చెత్తబుట్టలోంచి వెనక్కి తెచ్చుకున్నాడు, నా బ్యానరు ప్రింటు తీసి తెల్లవారి మొదటి బస్సుకి పంపించాడు. హెడ్మాస్టర్లందరూ స్కూలు గేటుకి ఎక్కారు. ఒక్కరూ తలకిందులు కాలేదు.

ఒక్క పని మాత్రం చేశాడు బావ. ఆ ఫోల్డరు తెరిస్తే నా పేరు పక్కన ఇప్పుడు 'చూడటానికి మాత్రమే' అని ఉంది.

"ఎంత గౌరవం!" అన్నాడు నాన్న. "పని చెయ్యక్కర్లేదట, చూస్తే చాలట." మాటిచ్చిన మనిషి కదా, వెంటనే పెయింటర్ని పిలిపించాడు. "పేరు కింద హోదా కూడా ఉండాలమ్మాయ్. ఏం రాయించను?"

"కంప్యూటరే ఇచ్చింది కదా నాన్నా," అన్నాను, సిగ్గుపడుతూ.

వీరభద్ర ఫ్లెక్సీస్
హిమజ
చూడటానికి మాత్రమే

రెండు రోజులు గడిచాయి. జనం రోడ్డవతల ఆగుతారు, నన్ను చూస్తారు, పోతారు. ఒక ముసలాయన గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "ఫ్లెక్సీ కావాలా తాతగారూ?" అంటే, "వద్దమ్మా, చూడటానికే వచ్చా," అని దణ్ణం పెట్టి వెళ్ళాడు. ఒక్క ఆర్డరు లేదు.

"ఆ చివరి ముక్క తీయించెయ్యాలి," అన్నాడు నాన్న దిగులుగా.

"తీయించెయ్యి అంటే అయిపోతుందా అన్నయ్యా?" అన్నాడు బాబాయి. "మార్చడానికి హిమజకి అనుమతి లేదు. మెహర్ ఇవ్వాలి." చెప్పులేసుకుని రాజమండ్రి బస్సుకి బయల్దేరాడు.

నేనే వెనక్కి పిలిచాను. ఎంత మతిమరుపు మనిషి! నిచ్చెనేసి బోర్డు విప్పి ఆయన నెత్తికెత్తాను. ఎడిట్ చెయ్యాలంటే ఫైలు దగ్గరుండాలిగా.