గాలికి నోరు పెట్టిన గున్నమ్మ

అనగా అనగా, సముద్రం ఇంకా ఇంత ఉప్పగా లేని రోజుల్లో, చేపలు మాట్లాడే రోజుల్లో, ఒక ఇసకతిప్ప మీద ఒక ఊరు. ఆ ఊళ్ళో గున్నమ్మ. ఇందులో ఒక్క ముక్క అబద్ధమైతే నాకు మిగిలిన రెండు పళ్ళూ ఈ పూటే రాలిపోవాలి.

గున్నమ్మ ఎంత బీదదంటే, ఆవిడ గుడిసెలోకి వచ్చిన ఎలక జాలిపడి, తన దగ్గరున్న గింజ అక్కడ పెట్టి వెళ్ళిపోయేది. ఆవిడ పని సవరాలు కట్టడం. ఆడవాళ్ళు తల దువ్వుకుంటే జుట్టు రాలుతుంది కదా, దాన్ని వేలికి చుట్టి, తూ తూ తూ అని మూడుసార్లు ఉమ్మి, చూరులో దోపుతారు. గాలికి వదిలేస్తే దాన్ని ఏది పట్టుకుంటుందోనని భయం. గున్నమ్మ ఇల్లిల్లూ తిరిగి ఆ ఉండలు తెచ్చి, చిక్కు తీసి, సవరాలు అల్లి, జడ పలచనైన వాళ్ళకిచ్చేది. ఆవిడ కట్టిన సవరం పెట్టుకుని ఒకావిడ సంతకెళ్ళి వచ్చింది. ఆవిడ గుమ్మంలోకి వచ్చేసింది, జడ కొస ఇంకా సంతలోనే ఉంది!

గున్నమ్మకి ఒక్కడే తమ్ముడు, అక్కని 'అప్పా' అని పిలిచే పోలయ్య. పోలయ్యకి ఒక్కటే పడవ, చిన్నది, ఒంటి తెరచాపది. ఆ ఇద్దరికీ ఒక్కటే భయం. మూగగాలి.

మూగగాలి అంటే మీకు తెలియదు. మామూలు గాలి ముందు చెవిలో చెబుతుంది, చెంప మీద చెబుతుంది, నీళ్ళ మీద ముడతలు పెట్టి చెబుతుంది. మూగగాలి చెప్పదు. చప్పుడుండదు, చల్లదనం ఉండదు, నీళ్ళు అద్దంలా ఉంటాయి. వెనకనించి వచ్చి తెరచాపని ఒక్క చరుపు చరుస్తుంది. అంతే. పడవ బోర్లా పడుతుంది. గున్నమ్మ తండ్రిని అదే తీసుకుపోయింది. గున్నమ్మ మొగుణ్ణీ అదే తీసుకుపోయింది. ఒడ్డుకి చెప్పైనా కొట్టుకురాలేదు. అది ఒకసారి వదిలితే వదులుతుంది, రెండోసారీ వదులుతుంది, మూడోసారి మాత్రం వదలదని ఊళ్ళో అందరికీ తెలుసు.

ఒకరోజు పోలయ్య పడవ బోర్లాపడింది. తెడ్డు పట్టుకుని ఈదుకుంటూ వచ్చాడు, వెనకే పడవని అల తెచ్చి ఒడ్డున పడేసింది.

"గాలొచ్చిందా?" అంది గున్నమ్మ.

"వచ్చింది."

"చెప్పిందా?"

"చెప్పనేదు."

"గాలికి నోరు నేదురా పోలిగా. మనమే పెట్టాల."

మర్నాడు ఆవిడ కొంగ ఈక తెచ్చి పడవలో తెరచాప కొయ్య చివర కట్టింది. ఈక కదిలితే గాలి వచ్చినట్టు. పోలయ్య వెళ్ళాడు. అలల తుంపర పడి ఈక తడిసి కొయ్యకి అతుక్కుపోయింది. మూగగాలి వచ్చి ఒక్క చరుపు చరిచింది. పోలయ్య ఈసారి తెరచాప వెదురు పట్టుకుని వచ్చాడు, పడవ మళ్ళీ వెనకే కొట్టుకొచ్చింది. ఎన్ని నీళ్ళు తాగాడో, వాడు ఒడ్డున కక్కితే ఒక చెరువైంది. అందులో ఇప్పటికీ పీతలున్నాయి.

"గాలొచ్చిందా?"

"వచ్చింది."

"చెప్పిందా?"

"చెప్పనేదప్పా."

రెండుసార్లు అయిపోయింది. ఇక మిగిలింది మూడోదే.

"ఇంక ఎల్లకురా," అంది గున్నమ్మ.

"ఎల్లకపోతే ఏటి తింటాం? నీ సవరాలా?" అన్నాడు పోలయ్య.

ఆవిడ తాటాకు చీల్చి కట్టింది. ఆ తాటాకు పెద్ద వాగుడుకాయ. ఒడ్డున గాలికి గలగల, పిల్లగాలికి గలగల, పక్క పడవలో తుమ్మినా గలగల. "ఇన్ని కబుర్ల మధ్య అసలు కబురు ఎలా వింటావురా?" అని ఆవిడే పీకి పారేసింది.

ఒక మిట్టమధ్యాహ్నం గున్నమ్మ గుమ్మంలో కూర్చుని చిక్కు తీస్తోంది. ఆకు కదలడం లేదు. పొయ్యి పొగ కర్రలా నిటారుగా నిలబడింది. కాకి నోరు తెరిచింది, అరుపు రాలేదు. అప్పుడు ద్వారబంధానికి వేలాడదీసిన వెంట్రుకలన్నీ మెల్లగా లేచాయి. ఎవరో వెనకనించి పట్టి ఎత్తినట్టు లేచి, సముద్రం వైపు చాచుకుని అలాగే నిలిచాయి. గున్నమ్మ అటు చూసింది. దూరాన ఎవరిదో తెరచాప కనిపిస్తోంది. చూస్తుండగానే కనిపించడం మానేసింది.

"దొరికావే!" అంది గున్నమ్మ.

కొయ్యకి వెంట్రుక కడతానంటే పోలయ్య వింటేనా? పడవ మీద ఆడదాని వెంట్రుక కనిపిస్తే వల చిరుగుతుందని వాళ్ళ నమ్మకం. గున్నమ్మ చెప్పకుండా కట్టేసింది. పెద్దింటి కోడలిది, నల్లటి, నిగనిగలాడే పొడుగు వెంట్రుక. సముద్రం మీద పోలయ్య తలెత్తి చూస్తే కొయ్య చివర వెంట్రుక ఒకవైపు చాచుకుని ఉంది. అప్పని తిట్టుకున్నా, గాలి వాటం అదేననుకుని తెరచాప తిప్పాడు. పడవ బాణంలా పోయింది. ఎక్కడికి? నేరుగా పెద్దింటి పెరట్లోకి! కోళ్ళగూడు విరగ్గొట్టి, కోడలి ముందు ఆగింది. ఆవిడ అప్పుడే తల దువ్వుకుంటోంది.

"ఓలి గున్నీ! నీ తమ్ముడు నా మీదికి పడవేసుకొస్తాడేటే?" అని ఆవిడ వేసిన కేక మూడు ఊళ్ళ అవతల వినపడింది.

గున్నమ్మ ఆలోచించింది. ఊళ్ళో ఉన్నంతసేపు వెంట్రుక గాలిని చూస్తుంది. సముద్రం మీదికి వెళ్ళాక ఇంటిని చూస్తుంది. సముద్రం మీదికెళ్ళిన వాళ్ళెవరైనా అంతే కదా! "మరి నాకు ఇల్లేదీ? ఈ గుడిసె ఇల్లా?" అనుకుని, తన తలలోంచి ఒక వెంట్రుక పీకి కట్టింది.

సాయంత్రం పోలయ్య బిక్కమొహంతో వచ్చాడు.

"గాలొచ్చిందా?"

"ఏమో."

"చెప్పిందా?"

"నీ యెంట్రుక నన్నే చూత్తోందే అప్పా. ముందు కూకుంటే ముందుకి, ఎనక కూకుంటే ఎనక్కి. పడుకుంటే కిందకి వంగి నా మొహంలోకి చూసింది. నాకు భయమేసి వల వేయనేదు."

గున్నమ్మ వాడి తల నిమిరింది. తర్వాత నవ్వింది. "దాని ఇల్లెక్కడుందో దానికి తెలిసిపోనాది," అంది.

మర్నాడు పోలయ్య పడవ తోశాడు. మళ్ళీ మిట్టమధ్యాహ్నం. ఆకు కదలడం లేదు. పొగ నిటారుగా నిలబడింది. కాకి నోరు తెరిచింది, అరుపు రాలేదు. గుమ్మంలో వెంట్రుకలు లేచాయి.

ఊరంతా తలుపులేసుకుంది. గున్నమ్మ వేసుకోలేదు. గాలికి నోరు పెట్టింది తనే కదా, ఇక అడగడానికి భయమేమిటి?

"ఎవరి కోసమొచ్చావు?" అంది. "మా పోలిగాడి కోసమేనా?"

వెంట్రుకలన్నీ సముద్రం వైపు చాచుకున్నాయి.

"ఆడు చిన్నోడు. ఎముకలు తప్ప ఏటీ నేదు. నన్నైతే తీసుకుంటావా?"

వెంట్రుకలు కదల్లేదు.

"నన్ను తీసుకుంటే ఆణ్ణి వదిలేత్తావా?"

అప్పుడు ఒక వెంట్రుక తిరిగింది. తర్వాత ఒకటి. తర్వాత గుడిసెలో ఉన్న వెంట్రుకలన్నీ, చూరులోవి, గోనెలోవి, సగం అల్లిన సవరాల్లోవి, సర్రున తిరిగి గున్నమ్మ మొహం వైపు చాచుకున్నాయి.

"అయితే కూకో," అంది గున్నమ్మ. "తల దువ్వుకుని వత్తాను. చింపిరి జుట్టుతో వత్తే మా ఆయన నవ్వుతాడు."

గుమ్మంలో ఇసక గుండ్రంగా నొక్కుకుపోయింది, ఎవరో కూర్చున్నట్టు. ఎదురింటివాళ్ళు తలుపు సందులోంచి చూశారు. గున్నమ్మ తాపీగా దువ్వుకుంది. జడ అల్లుకుంది. జడని మొదలంటా కోసి గడప మీద పెట్టింది. "ఇది ఆడిది. ముట్టుకోకు," అని గాలిని బెదిరించింది కూడా! తర్వాత స్తంభానికి చేరగిలబడింది. వెంట్రుకలన్నీ ఒక్కసారి కిందికి వాలాయి. అప్పుడు కాకి అరుపు వినపడింది.

పోలయ్య వచ్చేసరికి గున్నమ్మ చేతిలో దువ్వెన ఉంది, ఒంట్లో ఊపిరి లేదు. పెదవి చివర ఇంకా నవ్వుంది. వాడు ఎంత ఏడ్చాడంటే, సముద్రం ఇంత ఉప్పనైంది ఆ రోజునే.

మాట ప్రకారం మూగగాలి పోలయ్యని వదిలేసింది. కానీ పోలయ్య మాత్రం సముద్రాన్ని నమ్మలేదు. చాలారోజులకి, ఆకలికి ఆగలేక వెళ్ళాడు. గడప మీది జడలోంచి ఒక వెంట్రుక తీసి కొయ్యకి కట్టాడు. అది తన వైపు తిరుగుతుందేమోనని తలెత్తి చూశాడు. తిరగలేదు. ముందు కూర్చున్నాడు, తిరగలేదు. వెనక కూర్చున్నాడు, తిరగలేదు. పడుకుని మొహం పైకి పెట్టి చూశాడు. అది గాలినే చూస్తోంది. ఆ వేళ వాడికి నిజంగా తెలిసింది, అప్ప లేదని.

అంతలో ఆ వెంట్రుక గిర్రున తిరిగి, పక్కన వలేస్తున్న పడవ వైపు చాచుకుంది. గాలి లేదు. నీళ్ళు అద్దంలా ఉన్నాయి. "తెరచాప దించండర్రా!" అని పోలయ్య గొంతు చించుకున్నాడు. వాళ్ళు దించారు. వాళ్ళ నెత్తిమీదుగా ఏదో పోయింది. ఏమీ వినపడలేదు, కానీ అందరి తలపాగాలూ ఊడి నీళ్ళలో పడ్డాయి.

పోలయ్య ఒడ్డుకొచ్చి జడ విప్పి, పడవకొక వెంట్రుక పంచాడు. ఎన్ని పడవలకి పంచినా ఆ జడ తరగలేదు. ఇప్పటికీ తరగలేదంటారు.

ఆ తీరాన ఈనాటికీ పడవ తోసే ముందు ఇంటి ఆడది తన తల దువ్వి, రాలిన వెంట్రుక ఒకటి కొయ్యకి కడుతుంది. అది ఇంటిని కాకుండా గాలిని చూడాలని, అందులో గున్నమ్మ వెంట్రుక ఒకటి కలిపి పేనుతుంది. మగవాళ్ళు తలపాగా తీసి అడుగుతారు, "గున్నమ్మా, ఎటు?" అని. వెంట్రుక కదిలేదాకా ఎవరూ తెడ్డు ముట్టరు.

ఎప్పుడో ఒకసారి ఆ వెంట్రుక సముద్రాన్ని చూడదు. మెల్లగా తిరిగి, పడవలో ఉన్న ఒకరి మొహం వైపు చాచుకుంటుంది. అప్పుడెవరూ ఏమీ అడగరు, మూగగాలి ఎవరి కోసమొచ్చిందో తెలిసిపోతుంది. ఆ మనిషి దిగిపోతాడు. పడవ అతను లేకుండానే వెళుతుంది. ఒడ్డున ఉన్న ముసలమ్మలు మాత్రం అతని వీపు తట్టి అంటారు:

"గున్నమ్మ నిన్ను సూసింది బాబూ. ఇంటికిపోయి గంజి తాగు."