జెర్రి వీపు మీద గీతలు

సలోమికి మూడు రోజులుగా అన్నం సయించడం లేదు. నరసరావుపేట కోల్డ్ స్టోరేజీలో మిషన్లు నడిపే బోర్డు చచ్చిపోయింది. దాంట్లో పెట్టడానికి గుంటూరు మొత్తం గాలించినా ఒక్క జెర్రి దొరకలేదు.

జెర్రి అంటే నిజం జెర్రి కాదు లెండి. అటు ఇరవై, ఇటు ఇరవై కాళ్ళున్న నల్లటి చిప్పు. మిర్చి బస్తాలున్న గది ఎంత చల్లగా ఉందో చూసుకుని మిషన్లు వేయడం, ఆపడం దాని పని. కంపెనీ పెట్టిన పేరు పలకాలంటే మస్తాన్ వలీ ఉస్తాదుకి నోరు తిరగదు. అందుకని బోర్డులు తయారుచేసే ఆయన కొట్లో ఇరవై ఏళ్ళుగా దాని పేరు జెర్రే. సలోమి ఆయన దగ్గర పని నేర్చుకోవడానికి చేరి తొమ్మిదేళ్ళయింది. ఇప్పుడు జెర్రి గుట్టు ఆమెకి తెలిసినంత ఉస్తాదుకే తెలియదు. ఆ ముక్క వచ్చినవాళ్ళందరికీ చెప్పుకుని మురిసిపోయేది కూడా ఆయనే.

రెండు నెలల కిందట కంపెనీవాళ్ళు ఉత్తరం పంపారు. ఈ రకం ఇక తయారుచేయం, కావలసినవాళ్ళు నెలాఖరులోగా ఆర్డరు పెట్టుకోండి, కనీసం వెయ్యి తీసుకోవాలి, ఆ తరవాత సందేహాలకి జవాబులు కూడా చెప్పం అని. వెయ్యి జెర్రుల్ని వీళ్ళేం చేసుకుంటారు, ఊరగాయ పెట్టుకుంటారా? సలోమి బెంగుళూరులో కంపెనీ ఆఫీసుకి ఫోన్ చేసింది. ఎప్పుడూ ఓపిగ్గా చెప్పే శేషగిరి గారిని వేరే విభాగానికి మార్చారట. ఆ కుర్చీలో కూచున్న కొత్తాయన "కొత్త చిప్పుకి మారిపోండి మేడం" అని పెట్టేశాడు.

మారాలంటే ప్రోగ్రాం మళ్ళీ మొదటినుంచి రాయాలి. నాలుగు నెలల పని. నలభై వేల బస్తాల మిర్చి నాలుగు నెలలు ఆగుతుందా? అక్కడి ఎలక్ట్రీషియన్ పుల్లయ్య గంటగంటకీ థర్మామీటరు చూసుకుంటూ మిషన్లు చేత్తో వేస్తున్నాడు, చేత్తో ఆపుతున్నాడు. మనిషన్నవాడు ఎన్నాళ్ళని చేస్తాడు?

నిజం చెప్పాలంటే ఆ చిప్పు దానంతటది చావలేదు. పుల్లయ్యే చంపాడు.

"దాన్ని ఊడదీయమని ఎవరు చెప్పారు పుల్లయ్య గారూ?" అని ఫోనులో నిలదీసింది సలోమి.

"ఇయ్యి ఇంక రావంట గదమ్మా. ఒకటి కొని దగ్గర పెట్టుకుందామని నంబరు కోసం చూశా. పైన ఏం లేదు. అడుగునుందేమోనని స్క్రూడ్రైవరుతో లేపా. కాలు మొదలంటా విరిగింది."

వెయ్యికాళ్ళ జెర్రికి ఒక కాలు విరిగితే లెక్కేమిటంటారు. ఈ జెర్రికి మాత్రం నలభైలో ఒక్కటి పోయినా ప్రాణం పోయినట్టే.

పైన నంబరు ఎందుకు లేదంటే, సలోమే చెరిపేసింది. కొట్టున్న వీధిలో అందరూ చేసే పనే అది. బోర్డు తయారవగానే చిప్పు వీపు మీద ఉప్పుకాగితం పెట్టి గట్టిగా రుద్దేస్తారు, పక్క కొట్టువాడు నంబరు చూసి కాపీ కొట్టకుండా. ఉస్తాదుకి ఆ అలవాటు లేదు. సలోమి మొదటిసారి రుద్దుతుంటే చూసి, "దానికేమైనా దురద పెడుతోందా అమ్మాయ్?" అన్నాడు.

"నంబరు తెలిసిపోతే ఇంక మన దగ్గరికి ఎవరొస్తారు ఉస్తాదూ?" అంది సలోమి.

ఆయన నవ్వి తన పని చూసుకున్నాడు.

మూడో రోజు మధ్యాహ్నం సలోమి పాత సామాన్ల దుకాణం నుంచి ఒక సంచి మోసుకొచ్చింది. మూతబడ్డ మిల్లుల్లో, కోల్డ్ స్టోరేజీల్లో బోర్డుల నుంచి పీకిన చిప్పులు. వాటిలో నలభై కాళ్ళవి ఏరితే ముప్ఫై నాలుగు తేలాయి. ఒక్కదాని మీదా నంబరు లేదు. అన్నిటినీ ఎవరో ఒకరు రుద్దేశారు. ఇందులో జెర్రి ఏదో, కానిది ఏదో తెలిసేదెలా? పెట్టి చూద్దామా అంటే, పరీక్ష చేసే బోర్డు కొట్లో ఒక్కటే ఉంది. తప్పు చిప్పు పెడితే అదీ కాలిపోతుంది.

సలోమి బల్ల మీద తల వాల్చేసింది. "వీటిని రుద్దినవాళ్ళ చేతులు పడిపోను," అంది. ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

ఉస్తాదు దారంతో కట్టుకున్న కళ్ళజోడు సర్దుకుని, కుర్చీ కిటికీ దగ్గరికి లాక్కున్నాడు. చిప్పుల్ని ఒక్కొక్కటే వెలుగులోకి పట్టి, భూతద్దంలోంచి చూసి, కొన్ని అటు, కొన్ని ఇటు పెట్టడం మొదలుపెట్టాడు. తెప్పించిన టీ చల్లారిపోయింది. అన్నీ అయ్యేసరికి ఇటువైపు ఐదు మిగిలాయి.

"వీటిని పెట్టి చూడు."

"మీకెలా తెలుసు? బోర్డు కాలిపోతే?"

ఆయన భూతద్దం ఆమె చేతిలో పెట్టాడు.

సలోమి చూసింది. అటువైపు చిప్పుల మీద గరుకు గీతలన్నీ కుడికి వాలి ఉన్నాయి. ఈ ఐదింటి మీద ఎడమకి వాలి ఉన్నాయి. మళ్ళీ చూసింది. తరవాత మెల్లిగా భూతద్దం పట్టుకున్న తన చేతిని చూసుకుంది. ఎడమచెయ్యి. ఆ వీధి మొత్తం మీద ఎడమచేతివాటం మనిషి ఆమె ఒక్కతే. ఆమె ఈ తొమ్మిదేళ్ళలో జెర్రిని తప్ప మరో చిప్పుని రుద్దలేదు.

"ఇందాక ఒక మాట అన్నావే," అన్నాడు ఉస్తాదు, "దాన్ని వెనక్కి తీసుకో తల్లీ. ఆ చేతులతో నాకు పనుంది."

సలోమికి నవ్వొచ్చింది, దానివెంటే ఏడుపూ వచ్చింది. ముక్కు తుడుచుకుని మొదటి చిప్పుని బోర్డులో కూర్చోబెట్టింది. పచ్చదీపం వెలిగింది. తక్కిన నాలుగింటికీ వెలిగింది. పుల్లయ్యకి ఫోన్ చేసి, సాయంత్రం బస్సుకి వస్తున్నానని చెప్పింది.

ఉస్తాదు కళ్ళజోడు తీసి లుంగీ చెంగుతో తుడుచుకున్నాడు. "మీ కళ్ళు చల్లగుండ ఉస్తాదూ," అంది సలోమి.

"వాటికి డెబ్బై రెండేళ్ళమ్మాయ్," అన్నాడాయన.

ఐదు చిప్పుల్నీ సంచిలో వేసుకోబోయిన సలోమి ఆగిపోయింది. అప్పుడు సొరుగులోంచి సన్న కుంచె, తెల్లరంగు సీసా తీసుకుని మళ్ళీ కూర్చుంది. ప్రతి చిప్పు వీపు మీదా కంపెనీ పెట్టిన నంబరు, చీమ తలంత అక్షరాలతో రాసింది. దాని కింద ఇంకో వరస రాసింది.

ఉస్తాదు వంగి చూశాడు. "ఈ రెండోది ఏం నంబరు?"

"నా ఫోను నంబరు. కంపెనీవాళ్ళు ఇంక ఎత్తరుగా."

ఆయన ఒక చిప్పుని అంచులతో పట్టుకుని ఎత్తి, రంగు మీద మెల్లగా ఊదాడు.

"ఆరనిచ్చి బస్సెక్కు తల్లీ," అన్నాడు.