ఓబులమ్మకు దెబ్బ తగిలితే

గజశాలలో లద్దె ఎత్తే ఓబులమ్మ రాజుగారి ముందు చెప్పేసింది: "ఏనుగులకొచ్చే బెల్లాన్ని మా అధికారి దండపాణిగారు అమ్ముకుంటున్నారు ప్రభూ!"

నిరుడు ఇదే మాట చెప్పబోయిన మావటి ఏనుగు కాలికింద పడి చచ్చిపోయాడు. అందరూ ప్రమాదమన్నారు.

"విచారణ జరిపిస్తాను. అంతదాకా ఎప్పట్లా పనిచేసుకో," అన్నాడు రాజు.

పక్కనే నిలబడ్డ దండపాణి నవ్వాడు. "ఏనుగులతో పని. జాగ్రత్తగా ఉండవే, ఓబులమ్మా!"

ఆమె రాజుకు చేతులు జోడించింది. "ప్రభూ, ఒక్క మనవి. విచారణ ముగిసేదాకా గజశాలలో నాకేం జరిగినా దాన్ని ప్రమాదం అనకండి. అయ్యగారే చేయించారనుకుని, నాకు తగిలిన దెబ్బే ఆయనకూ తగిలించండి."

"అన్యాయం ప్రభూ! ఏ ఏనుగు ఎప్పుడేం చేస్తుందో నాకేం తెలుసు?"

"తెలియకుండానే ఇప్పుడు నన్ను జాగ్రత్త పడమన్నారా అయ్యా?"

రాజు దండపాణి వైపు తిరిగాడు. "అలాగే జరుగుతుంది," అన్నాడు.

మర్నాడు ఓబులమ్మ గంప పట్టుకుని, భయపడుతూనే గజశాలలో అడుగుపెట్టింది. పెద్ద ఏనుగు తొండం ఎత్తింది. ఆమెకంటే ముందు దండపాణి కేక పెట్టాడు.

"ఆగు తల్లీ! దాని దగ్గరికి పోకు!"

పరుగున వచ్చి గంప లాక్కుని, ఏనుగు కాళ్ల మధ్య లద్దె తనే ఎత్తసాగాడు.