ఉత్తుత్తి వంటశాల

నీలవేణికి ఆ రోజు కాలు నేల మీద నిలవడం లేదు. తెల్లవారితే ఆశ్రమంలో ఆరాధన ఉత్సవాలు. భక్తులు ఫోనులోనే భోజనానికి పేరు ఇచ్చుకునే ఏర్పాటు ఒకటి తయారుచేసింది. ఆ కబురు వెళ్ళి వంటశాల తెర మీద పడుతుంది. అక్కడ 'సరే' నొక్కితే భక్తుడికి జవాబు వస్తుంది. ఈ విద్య ఆమెకి ఎవరూ నేర్పలేదు. కిందా మీదా పడి తనే నేర్చుకుంది.

ట్రస్టు కార్యదర్శి శేషగిరికి అదే నచ్చలేదు. సాయంత్రంలోగా స్వామి బాగుందనకపోతే పని పట్నం కంపెనీకి అప్పగించేస్తానన్నాడు.

ఆశ్రమ పెద్ద గుహేశ్వర స్వామి అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నారు. పక్కనే శేషగిరి, చేతిలో ఫోనుతో సిద్ధంగా ఉన్నాడు.

"నా ప్రోగ్రాం అన్ని పరీక్షలూ నెగ్గింది స్వామీ," అంది నీలవేణి.

"ఎవరు పెట్టారు పరీక్షలు?"

"నేనే. అసలు భక్తుల్నీ అసలు వంటశాలనీ ఇబ్బంది పెట్టడం ఎందుకని, కంప్యూటర్లోనే ఒక ఉత్తుత్తి భక్తుణ్ణీ ఒక ఉత్తుత్తి వంటశాలనీ చేశాను. వాడు అడుగుతాడు, అది జవాబిస్తుంది. నడుమ నా ప్రోగ్రాం ఎలా నడుస్తోందో తెలిసిపోతుంది."

"మంచి ఉపాయమే. ఎలాంటివాడు నీ భక్తుడు?"

"బుద్ధిమంతుడు స్వామీ. పేరు చెప్తాడు, భోజనానికి ఒక ఆకు అడుగుతాడు, వెళ్ళిపోతాడు."

"వెంట బావమరిదిని తీసుకురాడూ?"

"తీసుకురాడు."

"వస్తానని మానెయ్యడూ?"

"మానెయ్యడు."

"వాడికి మోక్షం ఎప్పుడో వచ్చేసింది తల్లీ. ఇంక మనతో ఏం పని?"

శేషగిరి కిసుక్కున నవ్వాడు. నీలవేణి మొహం ముడుచుకుంది.

"మరి ఆ వంటశాల?"

"చోటుంటే సరే అంటుంది, లేకపోతే కాదంటుంది. రెండూ చూశాను."

"జవాబే రాకపోతే?"

"నా ప్రోగ్రాం మళ్ళీ అడుగుతుంది."

"అప్పటికీ రాకపోతే?"

"అడుగుతూనే ఉంటుంది. అంత తేలిగ్గా వదిలే రకం కాదు స్వామీ," అంది గర్వంగా.

స్వామి తల పంకించారు. "అయితే కాసేపు ఆ ప్రోగ్రాం నువ్వే అయిపో. పేరిందేవమ్మ దగ్గరికెళ్ళి ఒక గ్లాసు మిరియాల కషాయం అడుగు. అది ఎలా అడుగుతుందో అచ్చం అలాగే. సొంత తెలివి వాడకు."

వంటశాలలో పేరిందేవమ్మ నోటికి గుడ్డ కట్టుకుని నైవేద్యం వండుతోంది. అది దేవుడి ముందుకు వెళ్ళేదాకా ఆవిడ పెదవి విప్పదు, ఇంకో పని ముట్టదు. సంగతి తెలిసిన నీలవేణి మామూలుగా అయితే గుమ్మంలోంచే తిరిగివచ్చేది. కానీ ఇప్పుడు తను ప్రోగ్రాం కదా!

"అమ్మా, ఒక గ్లాసు మిరియాల కషాయం."

జవాబు లేదు.

కాస్త ఆగింది. "అమ్మా, ఒక గ్లాసు మిరియాల కషాయం."

మూకుడు మీద గరిటె టంగుమంది. అంతే.

అడిగి అడిగి గొంతెండిపోయింది. ఆఖరికి పేరిందేవమ్మ చూసిన చూపుకి ప్రోగ్రాం కూడా రెండడుగులు వెనక్కేసింది.

"జవాబు రాలేదు స్వామీ."

"వస్తుందిలే, కూర్చో."

నైవేద్యం గంట మోగింది. మరి కాసేపటికి పేరిందేవమ్మ పెద్ద పళ్ళెం ఎత్తుకుని వచ్చింది. పళ్ళెం నిండా పొగలు కక్కే గ్లాసులు.

"ఎంతమందికే పడిశం? ఆశ్రమం మొత్తం మంచం పట్టిందా? మాట్లాడనని తెలిసీ చెవి పక్కన ఆ జపమేమిటే పిల్లా!"

"నేనడిగింది ఒక్కటే కదమ్మా!"

"అడిగినప్పుడల్లా ఒక్కటే అడిగావు. అన్నీ విన్నాను." పళ్ళెం ఆమె ముందు దించింది. "మా వంటింట్లో అడిగినవాళ్ళకి లేదనం. అడిగినవాళ్ళని పారబొయ్యనివ్వం."

నీలవేణి స్వామి వంక చూసింది. ఆయన చిక్కుడుకాయల వంక చూస్తున్నారు.

మొదటి గ్లాసుకి గొంతు మండింది. రెండోదానికి చెవులు వేడెక్కాయి. ఆ తర్వాత లెక్క తెలియలేదు, ముక్కూ కళ్ళూ ఏకధారగా కారుతున్నాయి. ఓ గ్లాసు సగంలో ఉండగా చెయ్యి ఆగిపోయింది. రేపు పొద్దున్న నైవేద్యం వేళ, ఊరూరా భక్తుల ఫోన్లు, ఒక్కొక్కరి పేరున వరసల కొద్దీ ఆకులు, తినే దిక్కులేని పులిహోర గుట్టలు... మిగతా సగం గుటక పడలేదు.

"నీ ఉత్తుత్తి వంటశాలకి సరే అనడం నేర్పావు, కాదనడం నేర్పావు," అన్నారు స్వామి మెల్లగా. "ఊరుకోవడం నేర్పావా తల్లీ?"

నీలవేణి కొంగుతో మొహం తుడుచుకుని, కంప్యూటరు ఒళ్ళోకి తీసుకుంది.

శేషగిరి గొంతు సవరించుకున్నాడు. "అయితే కంపెనీవాళ్ళకి ఫోను చేసెయ్యనా స్వామీ?"

స్వామి ఒక కాయ ఈనె తీశారు.

"చేసెయ్యనా స్వామీ?"

స్వామి ఇంకో కాయ అందుకున్నారు.

శేషగిరి మళ్ళీ నోరు తెరిచాడు. పళ్ళెంలో ఇంకా పొగలు కక్కుతున్న గ్లాసు వంక చూశాడు. ఫోను జేబులో పెట్టేసుకున్నాడు.