రేవులో మోగిన గజ్జెలు

"భయం పోయినాక పాడాలా స్వామీ, పాడితే భయం పోతుందా?" అని సుంకన్న తన గురువు కదిరప్పను అడిగాడు.

అడిగింది తెల్లవారుజామున, ఏటి రేవుకు పోయే దారిలో. కదిరప్ప తత్వాలు పాడే ముసలాయన. ఎవరేమడిగినా బదులు చెప్పే అలవాటు ఆయనకు లేదు. అడిగినవాడి చేతిలో ఏదో ఒకటి పెట్టి ఊరుకునేవాడు. ఆకలి సంగతి చెప్పమన్నవాడి చేతికి రోకలి ఇచ్చాడంటారు. ఆ పొద్దు సుంకన్న చేతిలో గజ్జెల గుత్తి కట్టిన తన తంబూర పెట్టాడు. "ముందు వరసలో కూర్చో నాయనా. తొలిమాట నువ్వే ఎత్తుకో," అన్నాడు. సుంకన్న దాన్ని రెండు చేతులా పట్టుకుని నాలుగడుగులు వెనకబడ్డాడు.

భయపడక ఏం చేస్తాడు, పాపం! ఏటికి ఈవల ఒక పాళెగాడు, ఆవల ఒక పాళెగాడు. జాతరలో తొలి తాంబూలం నాదంటే నాదని మాటా మాటా పెరిగి కత్తులదాకా వచ్చింది. తాంబూలమంటే ఎంత, రెండు ఆకులూ ఒక వక్కా! దానికోసం ఊరూరా ఇంటికొక పిల్లవాణ్ణి లాక్కుపోయి చేతికి బల్లెం ఇచ్చారు. సుంకన్న సొంత అన్న లింగన్నను అట్లాగే పట్టుకుపోయారు. ఇంకో విడత వచ్చి సుంకన్నను పట్టుకోబోతే, అతను దొడ్డిగోడ దూకి కదిరప్ప గుంపులో కలిశాడు.

ఆ గుంపులో ముసలివాడు కదిరప్ప ఒక్కడే. మిగిలినవాళ్ళంతా పడుచువాళ్ళు, బల్లెం ముట్టుకోం అని చెప్పి ఇళ్ళు వదిలినవాళ్ళు. తలపాగాలు తీసేసి జుట్టు విరబోసుకున్నారు. కులమేదని అడక్కుండా ఒకే కుండలో వండుకుని తింటారు. ఆడపిల్లలూ మగపిల్లలూ ఒకే వరసన కూర్చుని, చంపుకోవద్దని పాడతారు. అంత వింత ఆ సీమలో అంతకుముందు ఎవరూ చూసి ఎరగరు. "నూనె దండగ లేదు, దువ్వెన దండగ లేదు, ఇంక నోరేగా మిగిలింది!" అని బావికాడ అమ్మలక్కలు నవ్వుకునేవాళ్ళు. జడలమంద అని వాళ్ళకు పేరు కూడా పెట్టారు.

నవ్వులు బాగానే ఉన్నాయి గానీ, అంతకుముందు సంతలో పాడిన ఇద్దరి వీపులు చింతబరికెలతో చీల్చారు. ఈ పొద్దు ఈవలి పాళెగాడి సేన ఏరు దాటబోతోంది. రేవులో అడ్డం కూర్చుంటే తొక్కుకుంటూ పోతామని దండోరా వేశారు. అయినా కూర్చుందామనే గుంపంతా అనుకున్నారు. చేతిలో కర్రపుల్ల కూడా ఉండకూడదని కదిరప్ప మాట.

"ఏందప్పా, అప్పుడే తంబూరను చెమటతో తడిపేస్తివి?" అంది పక్కన నడుస్తున్న నరసక్క. గుంపులో గట్టి గొంతు ఆ పిల్లది.

"నీకు భయం లేదా నరసక్కా?"

"నాకా? పొద్దున తాగిన అంబలి గొంతులోనే నిలబడుండాది. దాన్ని తోసుకోని పాట ఎట్లా వస్తుందో చూడాల."

రేవులో తడి ఇసుక మీద వరసగా కూర్చున్నారు. వెనక ఏరు, ముందు మంచు. మనుషులింకా కనపడలేదు, చప్పుడు ముందు వచ్చింది. ఆ సీమ పాళేల్లో ఒక ఆచారం ఉంది. సేన కదిలే ముందు మారెమ్మ గుడికాడ ప్రతి బంటు బల్లేనికీ గజ్జెలు కడతారు. పచ్చితోలు వారుతో ముడి వేస్తే అది ఎండి రాయిలా బిగుసుకుంటుంది. నడుస్తుంటే వందల గజ్జెలు ఒక్కసారిగా ఘల్లుమని అవతలివాడికి గుండె జారాలని అట్లా కడతారు. సేనను నడిపే దళవాయి చెయ్యెత్తితే మాత్రం ఒక్క గజ్జె మోగకూడదు. మోగితే ఆ బంటు పిరికివాడని లెక్క, వాడికి శిక్ష తప్పదు.

ఆ ఘల్లుఘల్లు దగ్గరికొచ్చేకొద్దీ సుంకన్న తంబూరను ఇంకా దగ్గరికి లాక్కున్నాడు. మంచులోంచి ముందు బల్లేల మొనలు, తర్వాత తలపాగాలు, ఆ తర్వాత మనుషులు వచ్చారు. ముందు వరసలో ఒకణ్ణి చూసి అతను ముందుకు వంగాడు. ముఖం పోల్చుకోలేకపోయాడు, అంతగా చిక్కిపోయింది. ఎడమకాలు కొంచెం వంచి నిలబడే ఆ తీరు మాత్రం లింగన్నదే. తొక్కుకుంటూ పోవాల్సి వస్తే తన మీద పడే తొలి అడుగు అన్నదే అవుతుంది.

గుర్రం మీద బసప్ప దళవాయి. "లేవండి," అన్నాడు, గొంతు పెంచకుండానే. "జోస్యుడు గడియ పెట్టినాడు. పొద్దు తాటిచెట్టెత్తు ఎక్కేలోగా నేను ఏరు దాటాల. నా గుర్రానికి మనుషులంటే మర్యాద తెలీదు."

ఎవరూ లేవలేదు. లేద్దామనే సుంకన్న అనుకున్నాడు గానీ కాళ్ళు మాట వినలేదు. కూర్చోవడమూ లేవడమూ రెండూ తన చేతుల్లో లేవని అప్పుడు తెలిసింది.

దళవాయి చెయ్యెత్తాడు. గజ్జెలన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. ఏటి నీళ్ళు కూడా ఆగినట్టే అనిపించింది. పాట ఎత్తుకోవాల్సింది అప్పుడే. సుంకన్న నోరు తెరిచాడు. గొంతు రాలేదు. ఆ నిశ్శబ్దంలో, ఘల్, ఘల్ అని చిన్న చప్పుడు. తంబూర మెడకు కట్టిన గజ్జెల గుత్తి, అతని చేతి వణుకుకి అదే మోగుతోంది.

దళవాయి పెద్దగా నవ్వాడు. "ఇనండ్రా, ఇనండి! పాటగాడి చెయ్యి ఎట్లా మొత్తుకుంటాండాదో! వీడంట యుద్ధం ఆపేది."

బంట్లు నవ్వలేదు. సుంకన్న సిగ్గుతో చచ్చిపోయి, రెండో చేత్తో ఆ గుత్తిని గుప్పిట పట్టి నొక్కేశాడు. గజ్జెలు మూగబోయాయి. చప్పుడు మాత్రం ఆగలేదు.

ఘల్, ఘల్.

అతను తల ఎత్తి చూశాడు. లింగన్న బల్లెం కొన సన్నగా ఊగుతోంది. తర్వాత దాని పక్క బల్లెం. తర్వాత వెనక వరస. కీచురాళ్ళు ఒకదాన్ని చూసి ఒకటి అందుకున్నట్టు, కదలకుండా నిలబడ్డ సేనంతా సన్నగా, ఆగకుండా మోగింది. అడుగు వేసినవాడు ఒక్కడూ లేడు. ఎంత వింత! వాళ్ళు కూడా తలలు తిప్పి ఒకరి బల్లెం వైపు ఒకరు చూసుకున్నారు.

"ఎవడ్రా అది?" దళవాయి చెయ్యి కత్తి మీదికి పోయింది. గుర్రాన్ని లింగన్న మీదికి తోలాడు. "నీదేనా?"

లింగన్న పెదవులు తెల్లబడ్డాయి. "నాదే సామీ," అన్నాడు. "పక్కోడిది కూడా. ఎనకోడిది కూడా."

కత్తి సగం ఒరలోంచి వచ్చింది. సుంకన్న కళ్ళు మూసుకున్నాడు. అప్పుడు వెనకనుంచి ఒక ముసలి బంటు గొంతు వినపడింది. "అందర్నీ నరికితే ఏరు దాటేదెవురు దొరా?"

దళవాయి వరసల మీదుగా చివరిదాకా చూశాడు. గజ్జెలు మోగుతూనే ఉన్నాయి. కత్తి మళ్ళీ ఒరలోకి పోయింది. "విప్పండి," అని అరిచాడు దళవాయి. "గజ్జెలు విప్పి పారేయండి. చప్పుడు లేకుండానే దాటుదాం. ముందు వీళ్ళను తొక్కుదాం."

కోపంలో అన్నాడు గానీ, అమ్మవారి ముందు వేసిన ముడి కదా, దాన్ని కత్తితో తెంచితే కీడని పసిపిల్లలకు కూడా తెలుసు. చేత్తోనే విప్పాలి. చేత్తో విప్పాలంటే బల్లెం కింద పెట్టాలి, కూర్చోవాలి. సేనంతా ఇసుకలో కూర్చుంది. బల్లేలు ఒళ్ళో పెట్టుకుని, గోళ్ళతో, పళ్ళతో ఎండిన తోలు ముడులు పీకసాగారు.

వాళ్ళట్లా ఎదురెదురుగా కూర్చోగానే నరసక్క పాట ఎత్తుకుంది. "ఏటికి రెండు గట్లు గానీ, నీటికి ఏ గట్టురా..." అంబలి గొంతులో ఉందో, దిగిందో! సుంకన్న రెండో మాట కలిపాడు. అది పాటలా లేదు, చలిజ్వరంలో మూలిగినట్టుంది. బంట్లలో ఎవరూ గొంతు కలపలేదు. తల కూడా ఎత్తలేదు. ముడులు విప్పుకుంటూనే ఉన్నారు. విప్పిన ముడిని ఒకడు మళ్ళీ బిగించి మళ్ళీ విప్పడం నరసక్క చూసింది. చూసి, చూపు తిప్పుకుంది.

మంచు విడిపోయింది. పొద్దు తాటిచెట్టు తల దాటింది. జోస్యుడు వణుకుతూ వచ్చి, గడియ దాటిపోయిందని దళవాయి చెవిలో చెప్పాడు. దళవాయి ఆకాశం వైపు చూశాడు, ఇసుకలో కుప్పలుగా పడ్డ గజ్జెల వైపు చూశాడు. "మంచి గడియ మళ్ళీ వస్తుంది," అన్నాడు సుంకన్నతో. "అప్పుడు గజ్జెలుండవు. మీ గొంతులూ ఉండవు." గుర్రం వెనక్కి తిరిగింది.

సేన చప్పుడు లేకుండా వెళ్ళిపోయింది. లింగన్న వెనక్కి తిరిగి చూడలేదు. చూస్తే పక్కవాడు చూస్తాడని భయం. అన్న కనపడినంత దూరం సుంకన్న చూస్తూనే ఉన్నాడు. గజ్జెల కన్నా ఆ చప్పుడు లేని నడకకే అతనికి ఎక్కువ భయం వేసింది.

తంబూర గురువు ముందు పెట్టబోయాడు. ఆయన అందుకోలేదు.

"స్వామీ, పాడినా భయం పోలేదు," అన్నాడు సుంకన్న. "ఇంకా ఎక్కువైంది. ఈసారి వాళ్ళు గజ్జెలు లేకుండా వస్తారు."

కదిరప్ప లేచి, పంచె ఎగ్గట్టుకుని, నీళ్ళలోకి దిగాడు.

"ఆవలిగట్టు వాళ్ళ బల్లేలకు గజ్జెలు ఇంకా ఉండాయి నాయనా," అన్నాడు. "నీ చెయ్యి అట్లా వణుకుతా ఉండంగానే పోదాం రా."