తోడు కూడా వడ్డించిన గురవమ్మ

ఒకానొక రాజ్యంలో, పొగడ్త తప్ప మరో మాట చెవికెక్కని కంఠీరవుడనే రాజు ఉండేవాడు. ఆయన మంత్రి సోమనప్రగడ ఐదేళ్ళ ప్రగతి ప్రణాళిక ఒకటి రాశాడు. ఐదేళ్ళలో రాజ్యంలో ధాన్యం రెట్టింపు కావాలి, అదీ ప్రణాళిక.

మూడో ఏడు వచ్చినా ధాన్యం పెరగలేదు. పెరగడానికి చెరువు తవ్వించాడా, కాలువ తీయించాడా? ఇక రాజుగారికి ఏం చూపించాలి? ఊరూరికీ భటులను తోలి, రైతులు విత్తనానికని బూడిద కలిపి కుండల్లో దాచుకున్న గింజలు కూడా ఊడ్పించి తెచ్చాడు. కోటలో గాదెలు పొర్లిపోయాయి.

"చూశారా ప్రభూ, మూడేళ్ళకే రెట్టింపు!" అన్నాడు.

రాజు మీసం దువ్వుకుని దండోరా వేయించాడు.

కోటలో పాలు తోడుపెట్టే గురవమ్మ చెవిన ఆ దండోరా పడింది. ముందురోజే ఆమె తమ్ముడు ఎర్రన్న నల్లగుట్ట నుంచి నడిచొచ్చి వాకిట్లో కూలబడ్డాడు.

"అక్కా, వారంలో మృగశిర కార్తె వచ్చేస్తోంది. చేను దున్ని పెట్టాను. చల్లడానికి గుప్పెడు గింజ లేదు. ఊళ్ళో ఎవరింట్లోనూ లేదే!"

గురవమ్మ నెమ్మదస్తురాలు. కోటలో ఆమె గొంతు విన్నవాళ్ళే తక్కువ. అలాంటి మనిషికి ఒళ్ళు మండిపోయింది. 'రేపటి కూడు లాక్కొచ్చి, ఇవాళ పెరిగిందని డప్పు కొట్టుకుంటారా! సిగ్గు లేకపోతే సరి!' అనుకుంది.

ఆ పూట, రోజూ తోడుకని పక్కన ఉంచే గిన్నెడు పెరుగు కూడా తెచ్చి రాజుగారి విస్తట్లో బోర్లించింది.

"ఏం గురవమ్మా, ఇవాళ పెరుగు పొంగిపోతోందే!"

"ప్రగతి, ప్రభూ!" అంది.

రాజు మురిసిపోయి లొట్టలేస్తూ తిన్నాడు.

మరునాడు అన్నంలోకి ఉత్త పాలు వచ్చాయి.

"పెరుగేదీ?"

"తోడు లేదు ప్రభూ. అది కూడా నిన్ననే వడ్డించేశాను."

పక్క విస్తట్లో తింటున్న మంత్రి గయ్యిమన్నాడు. "బుద్ధిలేనిదానా! తోడు కూడా వడ్డిస్తారా ఎవరైనా? రేపటికి పాలు ఎలా తోడుకుంటాయనుకున్నావ్? పక్కింటికెళ్ళి చెంచాడు అడిగి తెచ్చుకోలేకపోయావా?"

గురవమ్మ గరిటె పక్కన పెట్టింది.

"తెచ్చుకుంటాను మంత్రిగారూ. తోడు ఏ ఇంట్లోనైనా దొరుకుతుంది. మరి మా తమ్ముడు విత్తనానికి ఎవరింటికి పోవాలి? ఊళ్ళకు ఊళ్ళే ఊడ్పించారు కదా మీరు. ఈ రెట్టింపులో సగం మా విత్తనాలే! తోడు వడ్డించినందుకు నాకు బుద్ధి లేదన్నారు. విత్తనం ఊడ్చినవాళ్ళను ఏమనాలో మీరే చెప్పండి."

మంత్రి గబగబా ముద్ద కలపడం మొదలుపెట్టాడు.

రాజు పాలవంక చూశాడు, మంత్రివంక చూశాడు. "సోమనప్రగడా, నీ ప్రణాళిక తాటాకు ఈ పాలల్లో ముంచితే తోడుకుంటాయటయ్యా?" అని పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వి నవ్వి, తన దండోరా గుర్తొచ్చి సిగ్గుపడ్డాడు.

"గాదెలు తెరవండి! వాన పడేలోపు ఎవరి విత్తనం వాళ్ళింటికి చేరాలి. మంత్రే గడపగడపకూ వెళ్ళి కొలిచి ఇవ్వాలి," అని ఆజ్ఞాపించి, తన చేతి బంగారు కడియం తీసి గురవమ్మకు ఇచ్చాడు.

ఆమె కడియం కళ్ళకద్దుకుంది గానీ అక్కడి నుంచి కదలలేదు.

"ఇంకేం కావాలమ్మా?"

"తీసుకునేటప్పుడు కుంచం మీద గింజలు గోపురంలా నిలిచేలా కొలిపించారు ప్రభూ. ఇచ్చేటప్పుడు ఆ గోపురాన్ని చేత్తో తుడిచెయ్యొద్దని మంత్రిగారితో ఒక్క మాట చెప్పండి."

రాజు మళ్ళీ పగలబడి నవ్వి, ఆ కుంచాలు దగ్గరుండి చూసే పని గురవమ్మకే అప్పగించాడు.