మరక పడని తైలం

రాజుగారి పసిపాపకి జలుబు చేస్తే ఆస్థాన వైద్యుడు మార్తాండశాస్త్రి ముక్కుకి కర్పూర తైలం పూశాడు. కాసేపటికే పాప ఊపిరి ఆగిపోయింది.

“తైలంలో కల్తీ!” అన్నాడు వైద్యుడు. తైలం తీసే పైడమ్మ మెడకి ఉరితాడు పడింది.

“అసలు తైలమైతే ఆవిరైపోతుంది, నువ్వులనూనె కల్తీ చేస్తే గుడ్డమీద జిడ్డు మరక ఉండిపోతుంది ప్రభూ, చూడండి,” అందామె. రాజు మిగిలిన తైలాన్ని తన తెల్ల ఉత్తరీయం మీద పోశాడు. ఆరాక మరకే లేదు.

“పూసేముందు తమరేమైనా కలిపారా, శాస్త్రిగారూ?” అని అడిగింది పైడమ్మ.

“నేనా? చుక్క కూడా కలపలేదు! నా వైద్యమంతా స్వచ్ఛమైన సరుకుతోనే!” వైద్యుడు మండిపడ్డాడు.

“గిన్నెడు నువ్వులనూనెలో ఈ తైలం రెండు చుక్కలు కలిపితేగాని పెద్దవాళ్లమే ఒంటికి రాసుకోం ప్రభూ.” పైడమ్మ రాజువైపు తిరిగింది. “నేను కల్తీ చేసే మనిషినే అయ్యుంటే పాప బతికేదేమో.”

తలారి ఆమె మెడలోని తాడు తీశాడు. చుట్టి మాత్రం పెట్టలేదు.